నారాయణయ్య మోసిన నీలం సంచి

మామగారి మీద విజయకుమారికి ఒక్కటే ఫిర్యాదు. నారాయణయ్యకు "వద్దు" అనడానికి నోరు తిరగదు. ఉదయగిరిలో బస్సెక్కితే చాలు, జనమంతా ఆయన్ని పార్సిల్ సర్వీసు కింద వాడుకుంటారు. ఒకరి ఊరగాయ జాడీ, ఇంకొకరి కూతురికి జాకెట్ గుడ్డ. ఎవరిచ్చినా చంకన పెట్టుకుంటాడు. అదొక పెద్దరికం.

ఆ పెద్దరికం ఆ ఉదయం ఆమె ఆపరేషన్ నెత్తిన ఎక్కి కూర్చుంది.

నార్కోటిక్స్ ఏజెంట్ విజయకుమారి ఆత్మకూరు బస్టాండులో పూలమ్మి వేషంలో ఉంది. కనకాంబరాల బుట్టలో కెమెరా, కొంగు చాటున ఇయర్‌పీస్. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆమెది ఏదో సర్వే ఉద్యోగం. మలేషియా ముఠా సరుకు ఉదయగిరి బస్సులో వస్తోంది. నీలం సంచిలో తెస్తున్నది ఏంజెలిన్. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ముఠాలో ఉంటూనే డిపార్ట్‌మెంటుకు కబుర్లు మోసే ఇన్‌ఫార్మర్. బెంగళూరు నుంచి ఒకడొచ్చి "గొర్రెల మందు తెచ్చారా?" అంటాడు. సంచి చేయి మారగానే పట్టుకోవాలి.

బస్సు ఆగింది. ఏంజెలిన్ దిగలేదు. నీలం సంచితో నారాయణయ్య దిగాడు.

"రెండువైపులా ఆడింది!" చెవిలో చీఫ్ రామనారాయణ పళ్లు నూరాడు. "సరుకు ఆ ముసలాయనకు అంటగట్టి జారుకుంది. ఆయన్ని ఎత్తేయండి."

"సార్, ఆయన మా మామగారు."

"సంచి ఎవరి చేతిలో ఉంటే కేసు వాళ్ల మీదే. తెలియదని ఆయనే రుజువు చేసుకోవాలి. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఎండీఎంఏ అనే ఆ మత్తుమందు పది గ్రాములు ఉంటేనే పదేళ్లు జైలు. సంచిలో ఉన్నది రెండొందలు. బెయిలు మీద ఆశ పెట్టుకోకూడదు.

"తీసుకునేవాడు వచ్చేదాకా ఆగండి సార్," అని బుట్టతో వెళ్లి మామగారి పక్కన చేరింది. "పూలు, పూలు... మామా, నేను విజయను. నాకేసి చూడకండి."

"అమ్మాయ్! పూలమ్ముకుంటుండావా? మావాడు ఇంట్లో ఖర్చులకి ఇవ్వడంలేదా ఏంది?"

"మెల్లగా! నేను పోలీసును. ఆ సంచిలో డ్రగ్స్ ఉండాయి."

"చాల్లే. గొర్రెల కడుపులో పురుగులు పోయే నట్టల మందు. ఆ పాప ఎంత మర్యాదగా ఇచ్చిందనీ. మోసిపెడితే నేరమేందమ్మా?"

"మోసినోళ్లకే మొదట బేడీలు. మందు అడుగుతా ఒకడొస్తాడు. మారుమాట లేకుండా ఇచ్చేయండి."

"ఇస్తాలే."

వచ్చాడు. పంచె, కొత్త తలపాగా, కాళ్లకు మాత్రం తెల్ల బూట్లు. "గొర్రెల మందు తెచ్చారా?"

కోడ్ అక్షరం పొల్లుపోలేదు. విజయకుమారి బుట్టలోని కెమెరాను వాడివైపు తిప్పింది.

"తెచ్చినాను," అన్నాడు నారాయణయ్య, సంచి వదలకుండా. "ఎవరబ్బాయివి నాయనా?"

"మాది... మర్రిపాడు."

"మర్రిపాడులో ఎవరింటోళ్లు?"

"మందు ఇవ్వండి."

"ఇస్తా. మీ నాయన పేరేంది? ఎవరో తెలీకుండా ఇస్తే రేపు నాకు మాటొస్తాది."

విజయకుమారి ఆయన కాలు తొక్కింది. "చూసి నడువమ్మా," అని ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వీణ్ణి వదిలితే దొరకడు. దిగుతున్నాం," అన్నాడు చీఫ్.

"వద్దు సార్! సంచి ఇంకా ఈయన చేతిలోనే ఉంది!" విజయకుమారి కొంగు అడ్డుపెట్టుకుని గుసగుసలాడింది.

"మీ మేనమామలది ఏ ఊరు?" నారాయణయ్య తీరుబడిగా అడిగాడు.

బెంగళూరు మనిషి ఓపిక చచ్చింది. "ఏయ్ ముసలోడా! ఇందులో సరుకు ఖరీదు నీ పొలమంతా అమ్మినా రాదు!" అని సంచి లాక్కొని పరుగెత్తాడు.

తెలిసే తీసుకున్నాడని వాడి నోటితో వాడే కెమెరాకు చెప్పాడు. విజయకుమారి బుట్ట వాడి కాళ్లకు అడ్డంగా విసిరింది. కనకాంబరాల మీద బోర్లాపడ్డ వాడి వీపు మీద నలుగురు కూర్చున్నారు.

మధ్యాహ్నానికి ఏంజెలిన్ కూడా ఉదయగిరి దాటకుండానే దొరికింది. ప్యాకెట్లకు సీళ్లు వేస్తుంటే సాక్షిగా కూర్చున్న నారాయణయ్య కోడలి వైపు తిరిగాడు.

"సంచి నా చేతిలో ఉండంగానే పట్టుకొనుంటే పదేళ్లా, అమ్మాయ్?"

"తక్కువలో తక్కువ."

ఆయన కానిస్టేబుళ్లందరికీ వినబడేలా అన్నాడు: "తప్పు నాదేనమ్మా. తీసుకునేవాడి వంశమంతా అడిగినాను. ఇచ్చిన ఆ పాపను ఒక్క మాట అడగలా."