ఏడో పాతర

విరిగిన ధాన్యపుకొట్టు తలుపును పొయ్యిలో పెట్టబోతుంటే దాని వెనకవైపు గీతలు కనిపించాయి. ఒక వాగు, ఒక గుహ, పక్కన మూడు మాటలు: ‘పులిగవిలో పాతర్లు ఏడు’. గవి అంటే గుహే, పాతరంటే ధాన్యం దాచే గొయ్యే అనుకుని, సైన్యానికి తిండి చూసే ఉగ్రాణం అధికారి భోగన్న ఆ చెక్కను ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

ఉక్కుకొండ మీద మూడు వందల మంది సైనికులు చిక్కుకుపోయి పంతొమ్మిది రోజులైంది. కింద వంతెన శత్రువు చేతిలో ఉంది. దారి మూసుకుపోకముందు రాజధాని నుంచి వచ్చిన ఆఖరి బండ్లలో ఏమున్నాయి? జెండాలు! విజయోత్సవానికి కావాలని దళపతి వీరభల్లుడే అడిగి తెప్పించుకున్నాడు. బియ్యం రేపటితో సరి. ఆ తర్వాత లొంగిపోవడమే. తిండి లేక లొంగారంటే తనకది చావుతో సమానమని భోగన్న కుమిలిపోతున్నాడు.

పదిమంది భటులతో, పది ఖాళీ గోనెలతో తెల్లవారగానే అడవిలోకి దిగాడు. దారి చూపింది కొండ తేనె తీసే గురవమ్మ. ముళ్లపొదలు నరుక్కుంటూ, బండలు పట్టుకుని జారుతూ మిట్టమధ్యాహ్నానికి గుహ చేరారు. లోపల వరసగా ఏడు బండమూతలు! భటుల నాయకుడు కొమ్మినేడు మొదటి మూత దొర్లించి దూకబోయాడు.

“ఆగు సామీ! దిగితే పేనం పోద్ది!” గురవమ్మ అతని నడికట్టు పట్టి లాగింది. కాగడా కిందికి దించితే టక్కున ఆరిపోయింది. “పాతర్లో చెడ్డగాలి ఉంటాది. పోయేదాకా ఆగాల.”

ఆగాలట! భోగన్నకు ఒళ్లు మండింది. మూతలన్నీ తీయించి, దుప్పట్లతో విసిరించి, కాగడా ఆరకుండా నిలిచాక తానే తాడు పట్టుకుని దిగాడు. చేతికి గింజలు తగల్లేదు. నాణేలు తగిలాయి.

“బంగారం!” పైనుంచి కేకలు.

“నీ బంగారం తగలెయ్య!” కిందనుంచి భోగన్న అరిచాడు.

రెండోదీ బంగారమే. మూడోదాంట్లో హారాలు. ఐదోదాంట్లో కిరీటం కనిపిస్తే దాన్ని ఒక్క తన్ను తన్ని, కుంటుకుంటూ పైకొచ్చాడు. ధాన్యం దాచినా పాతరే, ధనం దాచినా పాతరే. ఇంకొక్క మాట ఎక్కువ చెక్కితే ఆ మహానుభావుడి చెయ్యి అరిగిపోయేదా? ఆరోదీ అంతే.

ఏడోదాంట్లో దిగితే నడుము దాకా కూరుకుపోయాడు. రాగులు! నాలుగు గింజలు కొరికి చూశాడు. పురుగు లేదు, ముక్కవాసన లేదు. పాతరలో పడ్డ రాగులు తరాలు నిలుస్తాయి. భోగన్నకు ఏడుపొచ్చింది. తీరా పైకొచ్చి చూస్తే పది గోనెల నిండా బంగారం.

“ఒంపెయ్యండి!”

కొమ్మినేడు కత్తి మీద చెయ్యి వేశాడు. “దీంతో దేశాన్నే కొనొచ్చు అయ్యా!”

“ఎవరి దగ్గర కొంటావురా తిండి? వంతెన మీద కూర్చున్నవాళ్ల దగ్గరా?”

అంతలో వాగు అవతల శత్రువుల కొమ్ముబూర మోగింది. కొమ్మినేడు గబగబా గోనె ఎత్తబోయాడు. అది కదల్లేదు. మళ్లీ పట్టాడు. కదల్లేదు. పళ్లు కొరికి, గోనెను పాతరలోకి బోర్లించాడు.

రాగులు నింపుకుని, బండలు మూసి బయటపడ్డారు. వెనక కొండచరియకు తేనె కోసం గురవమ్మ వేలాడదీసుకున్న నిచ్చెన మీదుగా ఎక్కి, గోనెలను తాళ్లతో లాగారు. వాగు పొంగి ఉండబట్టి శత్రువులు ఇవతలికి రాలేక బాణాలు వేశారు. ఒకటి గోనెకు గుచ్చుకుని రాగులు ధారకట్టాయి. భోగన్న పాగా విప్పి ఆ చిల్లులో కుక్కాడు.

మర్నాడు పొద్దున రాగులు విసిరి సంకటి వండారు. తింటూ తింటూ దళపతి అడిగాడు. “ఏడు పాతర్లన్నావుగా? తక్కిన ఆరింటిలో ఏముంది?”

భోగన్న గరిటె ఆగింది. ఏడోదాంట్లో ఇంకా నెల రోజుల గ్రాసం ఉంది. బంగారం మాట ఎత్తితే మనుషులంతా దాన్ని మోయడానికే పోతారు.

“ఖాళీ, ప్రభూ.”

దళపతి కొమ్మినేడి వైపు తిరిగాడు. “నిజమేనా?”

కొమ్మినేడు నోట్లో ముద్ద మింగాడు. భోగన్న ముఖం చూశాడు. పక్కన వేళ్లు నాకుతున్న భటులను చూశాడు.

“ఖాళీయే, ప్రభూ,” అని కంచం ముందుకు చాచాడు. “భోగన్నగారూ, ఇంకో ముద్ద వెయ్యండి.”