భుజం తడితే మళ్లీ ఆట

"గా లావు మామిడిచెట్టు ఎనక నీలం అంగీ ఉన్నడు. ఆన్ని ఎవ్వలు కొట్టకుండ్రి, నేనే కొడ్త!"

ఆ అరుపు తెలుగులో కాదు, లంబాడీ భాషలో వినిపించింది. అయినా చెట్టు వెనక నక్కిన నీలం చొక్కా అఖిల్‌కు పొల్లుపోకుండా అర్థమైంది.

మానుకోట మార్కెట్లో వాళ్లది కిరాణా హోల్‌సేల్ దుకాణం. తండాల నుంచి వచ్చేవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ చిన్నప్పుడే ఆ భాష అబ్బింది. ఈ సంగతి అవతలి జట్టుకు తెలియదు పాపం.

ఊరి బయట మామిడితోటలో ఆదివారాలు, గన్నులతో రంగు గుళ్లు పేల్చుకునే పెయింట్‌బాల్ ఆడిస్తున్నారు. మొదటిది జెండా ఆట. ఎదుటివాళ్ల జెండా ఎత్తుకుని తమ జాగాకు తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. అఖిల్ వైపు మార్కెట్ దోస్తులు. అటువైపు ఒకే తండా అమ్మాయిలు, అబ్బాయిలు. వాళ్లకు కెప్టెన్ దీప. గన్ను కన్నా గొంతే గట్టిది.

"కళా, నువ్వు ఎడమ దిక్కు పో! జగన్, జెండ ఇడిసిపెట్టి ఇటు రా!"

ఇంకేం కావాలి? అఖిల్ కుడిపక్క కంచె వెంట పాక్కుంటూ వెళ్లి, కాపలా లేని జెండా పట్టుకొచ్చేశాడు.

మాస్కులు తీసి నీళ్లు తాగుతుంటే దీప నేరుగా అతని దగ్గరికే వచ్చింది. నుదుటికి అతుక్కున్న వెంట్రుకలు, మెడ మీద పసుపురంగు మరక. అఖిల్‌కు తాగుతున్న నీళ్లు పొలమారాయి.

"జెండ కాడ ఎవ్వలు లేరని నీకెట్ల తెల్సింది?"

"అందాజ."

"మస్తుంది నీ అందాజ!" అని నవ్వి, పక్కనున్న స్నేహితురాలు కళావతితో తన భాషలో అంది. "పోరడు మంచిగున్నడే. గెలిచిన పొగరు గూడ లేదు. ఆట అయినంక ఫోన్ నంబర్ నేనే అడుగుత, సూడు."

అఖిల్ చెవులు ఎర్రబడ్డాయి. సంతోషం ఎంత వచ్చిందో సిగ్గూ అంతే వచ్చింది. నోరు మూసుకుంటే నంబరు దానంతటదే నడిచొస్తుంది. కానీ నిజం రేపోమాపో తెలిశాక ఈ అమ్మాయి ఇట్లాగే నవ్వుతుందా?

"దీపా, జర ఆగు. అందాజ గాదు. మీ భాష నాకొస్తది. అన్ని ఇన్న."

"అన్ని అంటే?"

"గిప్పుడన్నది గూడ."

కళావతి ఫక్కున నవ్వింది, నోట్లోని నీళ్లు బయటికొచ్చాయి. దీప మాత్రం నవ్వలేదు.

"ఆట పోతే పోనీ. గవి మేం మాలో మేం మాట్లాడుకునే మాటలు. దొంగ లెక్క ఇని, నా మొఖం మీదనే అబద్ధం చెప్తవా?"

జగన్ మధ్యలో దూరాడు. "గట్లయితే ఈ ఆట లెక్కల లేదు. మాకు ఒకలు తక్కువే ఉన్నరు. ఇగ గీయన మా దిక్కే ఆడాలె. అటుంటే మల్ల ఇంటడు!"

మార్కెట్ దోస్తులు గొణిగారు గానీ, కాదనడానికి ముఖం చెల్లలేదు.

రెండోది డాక్టర్ ఆట. రంగు తగిలినవాళ్లు ఉన్నచోటే కూర్చోవాలి. తమ జట్టు డాక్టర్ వచ్చి భుజం తడితేనే మళ్లీ లేవాలి. తండా జట్టు డాక్టర్ దీపే.

మొదలైన కాసేపటికే అఖిల్ ఛాతీ మీద పచ్చరంగు టప్పున పగిలింది. కొట్టింది ఇందాకటిదాకా తన జట్టులోనే ఉన్న ప్రాణస్నేహితుడు విక్రమ్. కూలబడి చెయ్యెత్తాడు. దీప పరుగున వచ్చి, పక్కనే పడ్డ జగన్‌ను లేపి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి కళావతిని లేపింది. అఖిల్ అనే మనిషి అక్కడ లేనట్టే ఉంది ఆమె వరస.

అంతలో కొమ్మ మీది ఎర్ర చీమలు అతని కాలర్‌లోకి దిగాయి. లేద్దామంటే రూల్ ఒప్పుకోదు. పైనుంచి సన్నగా వాన. కూర్చున్నచోటే మెలికలు తిరుగుతున్న అఖిల్‌ను చూసి దీప ఆగింది. మాస్కు వెనక నవ్విందో లేదో గానీ భుజాలు కదిలాయి.

"చీమలు కుడ్తున్నయా?" అంది తెలుగులో.

అఖిల్ ఆమె భాషలో జవాబిచ్చాడు. "కుట్టనీ. నన్ను లేపకున్నా ఫర్వా లేదు. నీ మాట దొంగతనంగ ఇన్న, తప్పే. నా మాట మాత్రం ఎదురుంగనే చెప్త. నువ్వు నాకు నచ్చినవ్. నంబర్ ఇయ్యకున్నా నచ్చినవ్."

యాస వంకరగా ఉంది, మాటలు తడబడ్డాయి. దీప కదల్లేకపోయింది.

"ఎవలు నేర్పిన్రు నీకు?"

"మా దుకాణంకు ఒక పెద్దమ్మ వస్తది. నేను తప్పు మాట్లాడితే సంచి కింద పెట్టి, మల్ల మల్ల అనిపిచ్చేది. కమలాబాయి అని."

"మా అమ్మ!"

దీప నోరు తెరుచుకుంది. సేటు కొడుకొకడు మన మాట వంకరటింకరగా మాట్లాడతాడని, అయినా మనసు మంచిదని అమ్మ ఎన్నిసార్లు చెప్పి నవ్విందో! ఆ పిల్లవాడు ఇతనేనా? ఇంక కోపం నిలబెట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. వంగి, కాలర్ మీది చీమలు దులిపి, భుజం మీద చెయ్యి వేసింది.

"లెవ్వు. ఇగ నుంచి ఏమిన్నా, ఇన్ననని చెప్పాలె."

"చెప్త."

అఖిల్ లేచినా ఆ చెయ్యి భుజం మీదే ఉండిపోయింది. వాన జోరందుకుంది.

"మేమందరం సచ్చి కూసున్నం! మా డాక్టర్ ఏడ పోయింది?" జగన్ తోట అవతల నుంచి అరిచాడు.

ఆ ఆట ఓడిపోయారు. ఇద్దరికీ చింత లేదు.

మరుసటి వారం కమలాబాయి దుకాణానికి వచ్చి, సంచి కింద పెట్టింది. వెనకాల దీప తలొంచుకుని నిలబడింది.

"సేటు," అంది కమలాబాయి, అఖిల్ తండ్రి వెంకట్రాంతో. "నీ కొడుక్కు మాట నేర్పుడు ఇగ నాతోని కాదు. నా బిడ్డ నేర్పుతదట."

వెంకట్రాం కొడుకును చూశాడు, ఆ అమ్మాయిని చూశాడు. లేచి, తన కుర్చీ కమలాబాయి ముందుకు జరిపాడు.

"కూసో చెల్లె, చాయ్ తెప్పిస్త. జర ఓపిక పట్టు బిడ్డా, మావోడు తొందరగ నేర్వడు."