రిమార్కుల గడి

వెన్‌లిన్‌ను మొదటిసారి చూసినప్పుడు ఆమె మా మడుగులో నడుములోతు నీళ్లలో నిలబడి, నా హాయ్‌త్సాయ్ మొక్కను వేళ్లతో సహా పీకుతోంది.

"ఏమండీ, అది కూర మొక్క. కాడ కోసుకోవాలి, వేరు పీకకూడదు," అన్నాను ఒడ్డు మీంచి.

"నాకు వేరు కూడా కావాలి. కొలవాలి."

"అడిగి కొలవొచ్చుగా."

"ఎవర్ని అడగాలి? ఇక్కడ బాతులు తప్ప ఎవరూ లేరు."

"ఆ బాతులూ నావే."

ఆమె నవ్వలేదు. "అయితే ఇప్పుడు అడుగుతున్నాను. ఇంకో పదకొండు మొక్కలు కావాలి."

వుహాన్ నుంచి మా ఎర్‌యువాన్‌కు వచ్చింది. నీటి మొక్కలు ఏ చోట ఎలా మారతాయో పన్నెండు దేశాల పరిశోధకులు కలిసి చూస్తున్నారట. చలి కొండల చెరువుల్లో ఆకు ఎంత, లోతు నీళ్లలో కాడ ఎంత, ఎండ తక్కువైతే ఏమవుతుంది. ఆమెకు పడవ నడపడం రాదు. ఆ వేసవంతా నేనే నడిపాను. ఆమె పడవ ముందువైపు కూర్చునేది, రాత్రి భోజనం మా ఇంట్లో అమ్మతో, నాతో కలిసి చేసేది.

ఒకరోజు సరస్సు నడుమ వాన పట్టుకుంది. ఉన్న ఒక్క గొడుగూ ఆమె ఆకుల పెట్టెకు పట్టింది.

"మనం మనుషులమండీ," అన్నాను.

"మనం ఆరతాం. ఇవి పాడైపోతాయి," అంది, ముక్కు మీంచి నీళ్లు కారుతుంటే. అప్పటి నుంచి నాకు వాన అంటే ఆ ముక్కే.

అక్టోబరులో బయలుదేరుతూ అడిగింది. "నెలనెలా కొలతలు ఎవరు పంపుతారు?"

"నేను," అన్నాను. చెప్పాలనుకున్నది వేరే.

ఆమె నా ఫోన్‌లో ఒక పట్టిక పెట్టి వెళ్లింది. లోతు, కాడ పొడవు, ఆకు వెడల్పు, నీటి వేడి. చివర రిమార్కులు అని ఒక గడి. మొదటి నెల అందులో "చిరుజల్లు" అని రాశాను. రెండో నెల, "పడవ ముందువైపు తేలికైపోయింది, సరిగ్గా నడవడం లేదు." జనవరిలో, "అమ్మ చామదుంపల చారు అలవాటుగా మూడు గిన్నెల్లో పోసింది. తర్వాత ఒకటి మళ్లీ కుండలో పోసేసింది."

ఆమె నుంచి ప్రతిసారీ ఒక టిక్కు మాత్రమే వచ్చేది. ఆ టిక్కును నేను రోజుకు ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పలేను.

ఏప్రిల్‌లో ఫోన్ చేసింది.

"జెన్‌హాయ్ గారూ, ఆ పట్టిక అందరికీ కనిపిస్తుందని తెలుసా?"

"అందరికీ అంటే?"

"పన్నెండు దేశాలకి. అనువాదం చేసుకుని మరీ చదువుతున్నారు. ఫిన్లాండ్‌లో ఒక పెద్దాయన, పడవ బాగైందా అని నన్ను అడిగాడు."

నా చెవులు కాలిపోయాయి. ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ నెలా, మే నెలా కొలతలు మాత్రమే పంపాను. గడి ఖాళీగా వదిలాను. మడుగు నిండా హాయ్‌త్సాయ్ తెల్లపూలు తేలుతున్నా కోయబుద్ధి కాలేదు. అమ్మే దిగి కోసింది, నన్నేమీ అడగకుండా.

జూన్‌లో ఒక మధ్యాహ్నం పడవకు తారు పూస్తుంటే వెనక నుంచి వినిపించింది.

"రిమార్కులు ఎందుకు ఆపేశారు?"

భుజాన సంచీతో వెన్‌లిన్. చిక్కిపోయింది.

"మీకు తలవంపులు కదా," అన్నాను.

"బ్రెజిల్ ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, మీకు జవాబివ్వలేదని."

"మీరెందుకు ఇవ్వలేదు?"

ఆమె నీళ్ల వైపు తిరిగింది. "ఏం రాయాలో తెలియలేదు. నెలాఖరు కోసం కాచుకుని కూర్చునేదాన్ని. కొలతల కోసం కాదు." భుజం మీది సంచీ సర్దుకుని, "ఇంకో రెండేళ్లు వుహాన్‌లోనే పని. వేసవిలో తప్ప రాలేను. నువ్వు ఆగగలవా?" అంది.

నువ్వు అనడం అదే మొదలు.

"ఆగలేను," అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. తారు చేతులతోనే ఆమె సంచీ అందుకున్నాను.

"చలికాలం ఇక్కడ పని తక్కువ. నేనే వస్తాను."

వంటింటి కిటికీలోంచి అమ్మ గొంతు వినబడింది. "వెళ్లేటప్పుడు మందపాటి దుప్పటి తీసుకెళ్లరా. అక్కడ ఇళ్లు మంచులా ఉంటాయట. పిల్లకి కూడా ఒకటి."