నీళ్ళెటు పోయాయి?

ఉజ్వల ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అభిలాష్ ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. స్క్రీన్ మీద ఎర్రటి ఇంటూ గుర్తు.

"యే క్యా హై?" అన్నాడు, ఇదేమిటని హిందీలో నిలదీస్తూ.

ఉజ్వల ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. అతని ముఖం చూసి, "అమ్మా, ఉండు. ఇక్కడెవరో గొడవకొచ్చినాడు. మళ్ళీ చేత్తాను" అని పెట్టేసింది.

"గొడవకి కాదండీ, అడగడానికొచ్చాను" అన్నాడతను, ఈసారి తెలుగులో.

ఉజ్వల నాలుక కరుచుకుంది. అది ఒక్క క్షణమే. "అడగండి."

"నా కోడ్ ఎందుకు ఆపారు?"

"నేను ఆపలేదు. టెస్ట్ ఆపింది."

"నా మెషీన్ మీద బాగానే నడుస్తోంది."

"అలాగైతే వరదొచ్చినప్పుడు ఊరంతటికీ మీ మెషీనే పంచుదామా?"

అతనికి కోపం వచ్చింది. ఉజ్వల స్క్రీన్ తన వైపు తిప్పుకుని ఒక వరుస చూపించింది. అతని ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ పేరు అక్షరం పొల్లుపోకుండా కోడ్‌లోనే రాసి ఉంది. ప్రపంచంలో మరే కంప్యూటర్ లోనూ ఆ ఫోల్డర్ లేదు.

"ఓ" అన్నాడు అభిలాష్. అని వెళ్ళిపోయాడు.

హిందీ మాట్లాడే ఊళ్ళో, సాక్చీ అనే పేటలో ఉన్న ఒక చిన్న పరిశోధన కేంద్రం అది. వాన గట్టిగా పడితే సువర్ణరేఖ నదిలో నీళ్ళు ఎంత ఎత్తుకి లేస్తాయి, అవతలి గట్టున మాంగో పేట వైపు ఏ వీధుల్లోకి వస్తాయి అని లెక్క కట్టే ప్రోగ్రామ్ అక్కడ తయారవుతోంది. దాన్లో ఎక్కువ భాగం అభిలాష్ రాసిందే. మిగతా వాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు. ఎవరి కాపీ వాళ్ళ దగ్గర ఉండేది. ఒకరు మార్చింది ఇంకొకరిది చెడగొట్టేది. ఎవరు చెడగొట్టారో తేలేసరికి వారం గడిచేది.

విసిగిపోయిన హెడ్ సునీల్ సర్, ఉజ్వలని కాంట్రాక్ట్ మీద తీసుకున్నాడు. ఆమె పని ఒక్కటే. ఎవరు కోడ్‌లో ఏ చిన్న మార్పు చేసినా, ఆ వెంటనే సర్వర్ దానంతట అదే టెస్టులన్నీ నడపాలి. అన్నీ సరిగ్గా ఉంటే ఆకుపచ్చ టిక్కు వస్తుంది, కోడ్ అందరి ఉమ్మడి ప్రోగ్రామ్ లోపలికి వెళ్తుంది. ఒక్కటి తప్పినా ఎర్ర గుర్తు, కోడ్ గుమ్మం బయటే. ఎంత పెద్ద సైంటిస్టుదైనా అంతే.

ఆ నెలలో అందరికంటే ఎక్కువ ఎర్ర గుర్తులు అభిలాష్‌కే వచ్చాయి. అందరికంటే ఎక్కువ కోడ్ రాసేది అతనే కాబట్టి అది న్యాయమే. అతనికి మాత్రం అలా అనిపించలేదు.

"మీరు కావాలనే నా మీద టెస్టులు రాస్తున్నారు" అన్నాడొకరోజు.

"మీ మీద కాదు, మీ నది మీద. ఇది చూడండి. ప్రోగ్రామ్‌లోనే ఒక ఉత్తుత్తి తొట్టెలో నీళ్ళు పోస్తాం. వాన లేదు, గాలి లేదు, వాలు లేదు. మనం ఏమీ చెయ్యం. నీళ్ళు కదలకూడదు."

"ఇదేం టెస్టు? ఏమీ జరక్కపోవడమా?"

"నడిపి చూడండి."

నడిపాడు. తొట్టెలో నీళ్ళు కదిలాయి. కొంచెమే, కానీ కదిలాయి. అభిలాష్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ తప్పు పట్టుకునేసరికి సాయంత్రమైంది. మర్నాడు కూడా కుర్చీ అక్కడే ఉంది. ఎవరూ తియ్యలేదు.

ఆమె రైల్వే వాళ్ళమ్మాయి. వాళ్ళ నాన్న గణపతిరావు అదే ఊళ్ళో టాటానగర్ స్టేషన్‌లో రైలు పెట్టెల చక్రాలు తనిఖీ చేసే టెక్నీషియన్. తాత కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. అభిలాష్ వాళ్ళూ తెలుగువాళ్ళే, తండ్రి ఇంజనీరుగా పనిచేసి పోయాడు. మాంగోలో అతనూ, వాళ్ళమ్మ లీలా ఉంటారు. ఈ వివరాలన్నీ ఇద్దరూ ఒకరినొకరు అడిగి తెలుసుకున్నవి కావు. టెస్టులు నడిచే ఆ కాసేపట్లో ఏదో ఒకటి మాట్లాడుకోవాలి కదా, అలా తెలిశాయి.

"మీరసలు నదిని చూశారా?" అని అడిగాడు ఒక సాయంత్రం.

"పుట్టిందిక్కడేనండీ."

"ఆటోలోంచి కాదు. నిలబడి."

మాంగో వంతెన మీద నిలబడ్డారు. వాన మొదలైంది. గొడుగు ఒకటే ఉంది, అది ఉజ్వలది. అభిలాష్ చెయ్యి బయట పెట్టి నీళ్ళు ఎక్కడ వేగంగా పోతున్నాయో, ఎక్కడ గట్టు కోస్తున్నాయో చూపిస్తూ మాట్లాడుతున్నాడు. అతని చొక్కా ఒక పక్క పూర్తిగా తడిసింది. ఆ సంగతి అతనికి తెలియదు. ఉజ్వల నది వైపు తక్కువ చూసింది.

"వింటున్నారా?"

"వింటున్నాను. గొడుగు కిందికి రండి. సైంటిస్టుకి జలుబు చేస్తే నన్నంటారు."

అతను వచ్చాడు.

'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. గొడవ వచ్చిన రోజు మాత్రం ఇద్దరికీ గుర్తుంది.

జిల్లా అధికారుల ముందు ఆ ప్రోగ్రామ్ వేసిన మ్యాప్ చూపించే మీటింగ్ దగ్గరపడింది. ఏ వీధులు ముందు ఖాళీ చేయించాలో ఆ మ్యాప్ చూసి నిర్ణయిస్తారు. ఆ సమయంలో ఉజ్వల ఇంకో టెస్ట్ పెట్టింది. వానగా ఎంత నీరు వచ్చిందో, నదిలో నిలిచిందీ దిగువకి పోయిందీ కలిపితే అంతే రావాలి. ఒక్క వాన మీద నడిపి చూసే చిన్న టెస్ట్ అది. ఎర్ర గుర్తు వచ్చింది.

మర్నాడు ఆమె వచ్చేసరికి అది ఆకుపచ్చగా ఉంది. ఏం మారిందా అని చూసింది. కోడ్ మారలేదు. టెస్టులో ఎంత తేడా వరకూ ఒప్పుకోవచ్చని ఆమె రాసిందో, ఆ అంకె మారింది. పెరిగింది. మార్చిన వాడి పేరు పక్కనే ఉంది, అభిలాష్ అని.

"ఇదేటి?" అంది అతని ముందు నిలబడి. కోపం వస్తే ఆమె నోట ఇంటి భాష వచ్చేస్తుంది.

"అది కంప్యూటర్ దశాంశాల్లో వచ్చే తేడా ఉజ్వలా. చాలా చిన్నది. నువ్వు పెట్టిన హద్దు మరీ బిగువుగా ఉంది."

"ఉంటే నాతో చెప్పాల. నువ్వే మార్చీడమేటి?"

"మీటింగ్ దగ్గరికొచ్చింది. ప్రతి చిన్నదానికీ నీ పర్మిషన్ తీసుకోవాలా?"

"పరీక్ష రాసినోడే మార్కులు దిద్దుకుంటే, ఇక నేనిక్కడ ఎందుకు?"

సునీల్ సర్ తన గదిలోంచి తొంగిచూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. అభిలాష్ ఆమె బల్ల పక్కనున్న కుర్చీని ఎత్తి తన బల్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. అలా తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. అతనికప్పటికే ఒక కుర్చీ ఉంది.

ఉజ్వల ఆ రోజంతా తన బల్ల ముందే కూర్చుంది. అదే టెస్టుని ఒక్క వానకి కాకుండా వర్షాకాలం మొత్తానికి నడిపించి, ఫలితాన్ని ఒక్క ముక్క కూడా రాయకుండా అభిలాష్‌కి పంపింది.

అతను చూశాడు. దశాంశాల తేడా అయితే అటూ ఇటూ ఊగుతుంది, పెరగదు. ఇది పెరుగుతోంది. వాన పడ్డ ప్రతిసారీ ప్రోగ్రామ్‌లోంచి నీళ్ళు మాయమవుతున్నాయి.

నీళ్ళెటు పోయాయో వెతకడానికి అతను భోజనం మానేశాడు. చివరికి దొరికింది. అతని కోడ్ ఊరిని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, గడికింత నీరని లెక్క కడుతుంది. ఏ గడిలోనైనా నీళ్ళు మరీ పలచబడితే అది ఎండిపోయిందనుకుని, మిగిలిన చెమ్మని సున్నా చేసేస్తోంది. ఒక్కో గడిలో అది చెంచాడు. కానీ గళ్ళు లక్షల్లో ఉన్నాయి. ఆ నీళ్ళన్నీ తిరిగి లెక్కలో కలిపితే, మాంగోలో నది పక్కన పొడిగా ఉంటుందని మ్యాప్ చెబుతున్న ఒక వీధి వరస మొత్తం నీళ్ళలో ఉంది.

ఆ వరసలోనే అభిలాష్ వాళ్ళమ్మ కూరగాయలు కొంటుంది.

పూర్తిగా సరిదిద్ది మళ్ళీ నడపడానికి టైమ్ లేదు. మీటింగ్ మర్నాడే.

"చూపించేద్దాం. తర్వాత కొత్త వెర్షన్ అని ఇద్దాం. అందరూ చేసేదిదే. సబ్ ఐసే హీ కర్తే హైఁ" అన్నాడు సునీల్ సర్.

అభిలాష్ తల అడ్డంగా ఊపాడు.

మీటింగ్‌లో అందరికీ టీ వచ్చింది. అభిలాష్ లేచి నిలబడి, మ్యాప్ తెర మీద పెట్టకుండానే చెప్పాడు. ఈ మ్యాప్ తప్పు. తప్పు నా కోడ్‌లో ఉంది. టెస్ట్ ముందే పట్టుకుంది, నేనే దాని నోరు నొక్కాను. నాలుగు వారాలు టైమ్ ఇస్తే సరైనది ఇస్తాను. ఈలోగా నది పక్క వీధులన్నీ మునుగుతాయనే అనుకోండి.

అధికారి ఒకాయన చాలా మాటలన్నాడు. అభిలాష్ అన్నీ విన్నాడు. వెనక వరసలో ఉజ్వల టీ కప్పు పట్టుకుని, తాగడం మర్చిపోయి కూర్చుంది.

బయటికొచ్చాక, "ఆ రోజు అంత గట్టిగా అనాల్సింది కాదు నేను" అంది ఉజ్వల.

"అనాలి. నేను వినాలి కూడా" అన్నాడు.

ఆ నాలుగు వారాలూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని పనిచేశారు. మ్యాప్ ఇచ్చారు. అది అందిన వారానికి ఆ వీధుల వాళ్ళని ముందుగానే స్కూలు భవనంలోకి పంపారు. వాన వచ్చింది. నీళ్ళూ వచ్చాయి, మ్యాప్ చెప్పిన చోటికే. ఉజ్వల కాంట్రాక్ట్ ఆ వానలతోనే అయిపోయింది.

"లడ్కీకో పుణె కంపెనీ మే నౌక్రీ మిల్ గయీ" అన్నాడు సునీల్ సర్ సోమవారం, ఉజ్వలకి అక్కడ ఉద్యోగం దొరికిందని. అభిలాష్ వారమంతా తన పని చేసుకుంటూ పోయాడు. ఆదివారం మధ్యాహ్నం టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో ఒక తలుపు కొట్టాడు.

ఉజ్వల వాళ్ళమ్మ దాలమ్మ తీసింది. "ఎవులు బాబూ?"

"ఆంటీ, అభిలాష్‌ని. ఉజ్వల ఆఫీసు..."

"ఓలమ్మ, నువ్వేనేటి! ఇంట్లో అన్నం కంటే నీ పేరే ఎక్కువ వడ్డిత్తాది మా పిల్ల. రా, లోపలికి రా."

లోపల గణపతిరావు పేపరు చదువుతున్నాడు. ఉజ్వల వంటింటి గుమ్మంలో చేతిలో గరిటెతో ఆగిపోయింది. వచ్చే దారిలో అభిలాష్ చాలా మాటలు సిద్ధం చేసుకున్నాడు. అవన్నీ ఆ గరిటెను చూసి పోయాయి.

"నువ్వు పుణె వెళ్ళే ముందు ఒక మాట చెప్పాలి" అన్నాడు. "వెళ్ళొద్దని చెప్పడానికి రాలేదు. నువ్వంటే నాకిష్టం. అది చెప్పకుండా నిన్ను రైలెక్కనిస్తే జన్మంతా నన్ను నేను తిట్టుకోవాలి. అందుకని."

పేపరు నెమ్మదిగా కిందికి దిగింది.

"పుణె ఎవరెళ్తన్నారు?" అంది ఉజ్వల.

"నౌక్రీ..."

"కంపెనీ పుణెలో ఉంది. పని ఇంటి నుంచే. ఎవరు చెప్పారు నీకు?"

"సునీల్ సర్."

"సగం వాక్యం విని పరిగెత్తుకొచ్చావా?"

అభిలాష్ చెవులు ఎర్రబడ్డాయి. దాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గణపతిరావు కళ్ళజోడు తీశాడు.

"మీటింగులో అందరి ముందల, తప్పు నాదే అన్నావటగా?"

"అన్నానండీ."

"చక్రంలో పగులు కనపడిందని బండి ఆపినోడికి మా కాడా తిట్లే పడతాయి. అయినా ఆపాల." కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇంటికాడా అలాగే ఒప్పుకుంతావా? పెళ్ళాం కాడ?"

"తప్పు నాదైతే ఒప్పుకుంటానండీ."

"మీరే రోజైనా ఒప్పుకున్నారేటి, కుర్రోణ్ణి అడుగుతన్నారు?" అంది దాలమ్మ.

గణపతిరావు ఆ ప్రశ్న విననట్టు కూతురి వైపు తిరిగాడు. "నువ్వేటంటావు?"

ఉజ్వల గరిటె వైపు చూసింది, అభిలాష్ వైపు చూసింది. "ముందు అన్నం తిననీ నాన్నా. ఈ మనిషి టెన్షన్ వస్తే తిండి మానేస్తాడు." తర్వాత గొంతు తగ్గించి, "నాకూ ఇష్టమే" అంది.

దాలమ్మ కంచం పెట్టింది. చేపల పులుసు. అభిలాష్ మొదటి ముద్ద కలుపుతుండగా గణపతిరావు చెయ్యి చాపి, "మీ అమ్మగారి నెంబరు చెప్పు" అన్నాడు. అభిలాష్ చెప్పాడు. అంకెలు రెండుసార్లు తప్పాడు. మూడోసారికి ఫోన్ కలిసింది.

"చెల్లెమ్మా, నమస్కారం. టాటానగర్ నుంచి గణపతిరావుని" అన్నాడాయన గొంతు సవరించుకుని. "ఏం లేదమ్మా, కంగారు పడకు. మీ అబ్బాయి మా ఇంట్లో అన్నం తింతన్నాడు. మరి నువ్వెప్పుడొత్తావు?"