మట్టిచెవి

ఆ ఊళ్లో తెల్లారగానే కోళ్లకంటే ముందు పెట్టెలు కూస్తాయి.

"రెండో గుట్ట, ప్రమాదం. ఏడో గుట్ట, ప్రమాదం."

ఉగాండా తూర్పు వైపున, సొరోటి పట్నానికి గంట దూరంలో ఉంటుంది ఆ ఊరు. అది 2071వ సంవత్సరం. అక్కడ చిలగడదుంపకు మోకాలెత్తు మట్టిగుట్టలు చేసి, ఒక్కో గుట్టమీద మూడేసి తీగముక్కలు నాటుతారు. కోత అంటూ ఒక రోజు ఉండదు. ఏ పూటకి కావలసిన దుంప ఆ పూట తీసుకుంటారు, తక్కినవి మట్టిలోనే ఉంటాయి. ఆ మట్టే వాళ్ల గాదె. వానలు లేని నెలల్లో పసిపిల్లల కడుపు నింపేది అదే.

ఆ గాదెకు దొంగ ముక్కుపురుగు. దుంపలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోలోపల తొలిచేస్తుంది. పైకి ఏమీ తెలియదు. తీరా ఆకలేసి తీసేసరికి దుంపంతా చేదు, మేకలు కూడా ముట్టవు.

అందుకే మట్టిచెవిని కనిపెట్టారు. అది రెల్లుపుల్లంత సన్నని కడ్డీ. కొనలో ఆవగింజంత అకూస్టిక్ సెన్సర్, అంటే శబ్దగ్రాహకం, ఉంటుంది. గుట్టకొకటి గుచ్చుతారు. పురుగు కొరికే చప్పుడు మన చెవులకి అందదు. కడ్డీ దాన్ని పట్టుకుని ఇంటి గోడకున్న పెట్టెకి పంపుతుంది. ఆ చప్పుడు పురుగుదా, చీమదా, పెరిగే వేరుదా అని పెట్టెలోని యంత్రబుద్ధి తేల్చి, ఆ ఇంటివాళ్ల భాషలో చెబుతుంది.

అలా తేల్చడం దానికి నేర్పింది వకుళ.

వకుళది కదిరి దగ్గర పల్లె. వ్యవసాయ డిప్లొమా చదివింది, అంతే. కానీ ఆమె చెవి చాలా మంచిది. కూతురితో సహా సొరోటికి వచ్చి, అక్కడి పరిశోధన కేంద్రంలో రెండేళ్లపాటు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నలభై వేల చప్పుళ్లు వింది. ఒక్కోదానికి 'పురుగు' అనో, 'పురుగు కాదు' అనో గుర్తు పెట్టింది. ఆ గుర్తులే యంత్రానికి బడిపాఠాలు.

చెవి మంచిదే, మనసే పిరికిది. కూతురు ఇందుజ బడి వ్యాను ఐదు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరుకి మూడు ఫోన్లు. పిల్ల దగ్గితే నిమోనియా. ఎక్కువగా నవ్వినా, ఇంతలా నవ్వుతోంది ఏం కానుందో అని దిగులు. అలాంటి మనిషి ముందు తేలీతేలని చప్పుడు పెడితే ఏం చేస్తుంది? అనుమానం వచ్చిన ప్రతిదానికీ 'పురుగు' అనే పెట్టింది. లేకపోతే పోయేదేముంది, ఒకసారి తవ్వి చూసుకుంటారు. ఉండీ చెప్పకపోతే పిల్లలు పస్తుంటారు, అనుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు కేంద్రం పెద్ద ఒపోలోట్ నవ్వుకుంటూ ఆమె గదిలోకి వచ్చాడు.

"తొంభై నాలుగు మేడమ్! యంత్రం చెప్పిన చోటల్లా మనవాళ్లు వెళ్లి చూస్తే నూటికి తొంభై నాలుగు గుట్టల్లో పురుగుంది. వచ్చే నెల ఇంకో పదకొండు దేశాలకి పంపుతున్నారు. మీ చెవులకి ఇన్సూరెన్స్ చేయించాలి."

వకుళకి నవ్వు రాలేదు. తను పెట్టిన గుర్తుల్లో మూడోవంతు ఉత్త అనుమానాలు. అన్నీ నిజమెలా అయ్యాయి?

"ఎప్పుడు చూశారు సార్? పెట్టె చెప్పిన రోజేనా?"

"అన్ని ఊళ్లూ ఒక్కరోజులో ఎవరు తిరుగుతారు? ఇరవై రోజులకో, నెలకో. పురుగెక్కడికి పోతుంది?"

మర్నాడు ఆమె ఆ ఊరికి బయల్దేరింది. దారి పొడవునా గుట్టలన్నీ పారలతో చీల్చి ఉన్నాయి. ఆడవాళ్లు చేదు దుంపలు ఏరి అవతల పారేస్తున్నారు. ఆమెను చూసి చేతులూపారు. "నీ పెట్టె ముందే చెప్పింది తల్లీ! అది లేకపోతే ఏమైపోదుమో!" అని ఒకామె చెయ్యి కూడా పట్టుకుంది. వకుళకి తలెత్తి ఆమె మొహం చూడాలంటే ఎందుకో భయమేసింది.

ఒక్క అమోంగిన్ ముసలమ్మ చేను మాత్రం పచ్చగా ఉంది. కొడుకూ కోడలూ చేపల పనికి సరస్సు ఒడ్డుకి వెళ్లారు. ముగ్గురు మనవల్ని ఆవిడే సాకుతోంది. ఆవిడ ఇంటి గోడకి పెట్టె లేదు. అది నేలమీద ఉంది, దానిమీద మట్టికుండ బోర్లించి ఉంది.

"పాడైందా అవ్వా?"

"పాడవలేదు ఇందుజ తల్లీ, నోరెక్కువ." అక్కడ తల్లిని బిడ్డ పేరుతోనే పిలుస్తారు. "మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన గోల పడ్డాను. ఆయన పోయాక ఇదొకటా?"

"ప్రమాదమంటే చూసుకోవద్దా మరి?"

"చూడాలంటే తవ్వాలి. తవ్వితే గుట్ట పగులుతుంది. ఆ పురుక్కి మట్టి తవ్వే కాళ్లెక్కడివి? మనం తలుపు తీస్తేనే లోపలికొస్తుంది."

ఆవిడ గుట్ట పక్కన కూర్చుని వేళ్లతో తడిమి, ఒక్క దుంపని తుంచి తీసింది. మట్టి పూడ్చింది. లేచి నిలబడి, ఆ చోటంతా మడమతో దడదడా తొక్కింది. "ఇది మా అత్త నేర్పింది. ఇప్పటి పిల్లలకి తొక్కే ఓపికేదీ? పెట్టె అరవగానే పార పట్టుకుని పరిగెత్తడమే."

వకుళకి దారిలో చూసిన చీలిన గుట్టలు గుర్తొచ్చాయి. పెట్టె ప్రమాదమని అరిచినప్పుడు చాలా గుట్టల్లో పురుగు లేదు. చూద్దామని తవ్వారు. తవ్విన చీలికలోంచి పురుగు వెళ్లింది. ఇరవై రోజులకి కేంద్రంవాళ్లు వచ్చి, పురుగుందని రాసుకున్నారు. ఆ తొంభై నాలుగూ అలా వచ్చిందే. ఎంతమంది పిల్లల తిండి అది? దారిలో చెయ్యి పట్టుకున్న ఆమెకి ఎంతమంది పిల్లలో.

ఆ సాయంత్రమే ఒపోలోట్‌కి అంతా చెప్పేసింది. ఉద్యోగం పోతుందనుకుంది, పోతేనే బాగుండుననీ అనుకుంది. ఆయన బల్లమీద చూపుడు వేలితో 94 అని రాసి, అరచేత్తో తుడిచేశాడు.

"తొంభై నాలుగని మా అమ్మకి కూడా చెప్పేశాను మేడమ్," అన్నాడు. "సరే. పదకొండు దేశాల సంగతి నేను ఆపిస్తాను. తవ్వినవాళ్లకి కేంద్రం నుంచి తిండిగింజలు ఇప్పిస్తాను. మీరు ఆ చప్పుళ్లన్నీ మళ్లీ వినండి. ఈసారి ఒక్కరే వద్దు."

పక్కన అమోంగిన్ని కూర్చోబెట్టారు. పాత చప్పుళ్లతోపాటు చేలో గుచ్చిన కడ్డీల చప్పుళ్లూ వింటూ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముసలమ్మ కళ్లు మూసుకునేది. "ఇది వేరు. ఇది చీమ. ఇది పురుగే, ముదిరింది. ఇది నీ గుండె, కడ్డీ మీదికి వంగకు."

నాలుగు నెలల్లో కొత్త పాఠాలు అయ్యాయి. పెట్టెలకి కొత్త బుద్ధి వచ్చింది. ఇప్పుడవి అడిగితే ఎప్పుడేం విన్నాయో కూడా చెబుతాయి. తెల్లవారుజాములు నిశ్శబ్దమయ్యాయి. ఎప్పుడో ఒకనాడు, ఒక గుట్ట పేరు. తవ్విచూస్తే నిజంగా పురుగు.

జనం సంతోషిస్తారనుకున్నారు కేంద్రంవాళ్లు. ఆ జనమే వచ్చి గేటు ముందు బారు కట్టారు.

"మా పెట్టె చచ్చిపోయింది. పాతది ఇవ్వండి," అన్నాడొకాయన.

"చావలేదయ్యా. ప్రమాదం లేదు కాబట్టి మాట్లాడటం లేదు," అన్నాడు ఒపోలోట్.

"రోజూ ఏదో ఒకటి చెప్పేది. ఇప్పుడేమీ చెప్పదు. ఏమీ చెప్పకపోతే మాకు నిద్రెలా పడుతుంది సారూ?"

ఒపోలోట్ తల పట్టుకున్నాడు. వకుళ మాత్రం ఆ నిద్రపట్టని రైతు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ మనిషి తనకి సొంత అన్నలా కనిపించాడు.

ఎండలు ముదిరాయి. అమోంగిన్ చేలో అన్ని గుట్టలూ అయిపోయి నాలుగోది ఒక్కటే మిగిలింది. ఇంట్లో ఉన్న కాసిని జొన్నలు అయ్యాక, వానలు పడేదాకా మనవలకి అదే ఆధారం. పెట్టె రోజూ నోరు మూసుకునే ఉంది. కేంద్రంలో కూర్చున్న వకుళకి ఆ నిశ్శబ్దం పంటికింద రాయిలా ఉంది. కొత్త బుద్ధి చెవిటిదైతే? ఈసారి ఉన్నదాన్ని లేదంటుంటే? ఆ పిల్లల గతేమిటి?

ఒక ఉదయం వెళ్లింది. ముసలమ్మ బోరింగు దగ్గర నీళ్ల వరసలో ఉంది. వకుళ నాలుగో గుట్ట ముందు మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులతో మట్టి తీసింది. ఎర్రటి తొక్కతో నున్నగా తొమ్మిది దుంపలు. ఒక్క చుక్క పుచ్చు లేదు. ఆమెకి ఏడుపొచ్చింది. పూడుస్తుండగా ఇందుజ బడి నుంచి ఫోను మోగింది. వ్యాను ఇంకా బడికి చేరలేదట. అలాగే లేచి పరిగెత్తింది.

వ్యానుకి ఏమీ కాలేదు. టైరు మార్చుకుంటున్నారంతే.

ఇరవై రెండు రోజులకి, ముసలమ్మ మనవలకి వకుళ పలకలు తెచ్చి ఇస్తుండగా పెట్టె మాట్లాడింది. "నాలుగో గుట్ట, పురుగు."

అమోంగిన్ బుట్ట కింద పెట్టింది. "ఎలా వచ్చిందే?" అని పెట్టెనే అడిగింది.

పెట్టె జవాబు చెప్పింది. "ఇరవై రెండు రోజుల కింద, పొద్దున గుట్ట తెరుచుకుంది. రెండు చేతులు. తర్వాత మడమ చప్పుడు లేదు."

ముసలమ్మ వకుళ చేతుల వైపు చూసింది. వకుళ వాటిని చీర కొంగులో దాచుకుంది.

తొమ్మిదింటిలో ఐదు పోయాయి. మిగిలినవి కోసి ఉడకేశారు. "కేంద్రం నుంచి గింజలు తెస్తానవ్వా, వానలు పడేదాకా నేనే..." అంది వకుళ.

"తేవాలి మరి. తెస్తావులే." ముసలమ్మ లోపలికి వెళ్లి, ఒకప్పుడు పెట్టెమీద బోర్లించిన కుండ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. "ఇది పట్టుకుపో. పెట్టెకి నోరు తగ్గింది. ఇక నీకే కావాలి."

ఇంటికి వెళ్లాక వకుళ వంటింటి గట్టుమీద ఫోను పెట్టి, దానిమీద కుండ బోర్లించింది. వ్యాను రావడానికి ఇంకా పావుగంట ఉంది. ఎదురుగా స్టూలు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మనసులో అంకెలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు.

ఏడు దగ్గర ఆమె వేళ్లు కుండ అంచుని పైకెత్తాయి.