థిన్నర్ గుడ్డ

పొద్దున్నే లేవగానే ఆవిడ చేసే మొదటి పని వాష్‌బేసిన్ కడగడం. తన ముఖం కడుక్కోవాలంటే ముందు దాని ముఖం కడగాలి మరి. ఆ రోజూ అంతే. అంచు చుట్టూ నెరిసిన గడ్డం తుంపులు చీమల్లా అంటుకుని ఉన్నాయి. వాటి మధ్య ఎండిపోయిన నురగ, నురగ మీద ఓ నెత్తుటి మరక. టూత్‌బ్రష్షులు పెట్టుకునే గ్లాసులోనే భర్త రేజరు తలకిందులుగా ఉంది. బ్లేడంతా తుప్పు, ఆ తుప్పులో ఇరుక్కుని ఇంకొన్ని వెంట్రుకలు. దానికి ఆనుకుని ఆవిడ బ్రష్షు.

ఆవిడకు కడుపులో తిప్పింది. బ్రష్షును రెండు వేళ్ళతో పట్టుకుని చెత్తబుట్టలో పడేసింది. ఇలా పారేసిన బ్రష్షులకు లెక్కే లేదు.

తలుపు వెనక మేకుకు ఆ గుడ్డ వేలాడుతోంది. మొదట్లో అది ఏ రంగు గుడ్డో ఎవరికీ గుర్తులేదు, ఇప్పుడు మాత్రం అన్ని రంగులూ దాని మీదే ఉన్నాయి. ఆయన ఇళ్ళకు రంగులేసే మేస్త్రి. సాయంత్రం పని నుంచి రాగానే దాని మీద రంగు కరిగించే థిన్నర్ ఇంత పోసి ముఖం, మెడ, చేతులు తుడుచుకుంటాడు. ఆ ఘాటుకు బాత్‌రూమ్‌లోకి వెళ్ళినవాళ్ళ కళ్ళు నీళ్ళు కారతాయి. రంగులవాడి ఇల్లన్నాక ఆ వాసన మామూలేలే అని ఆవిడ ఏనాడో సర్దుకుంది. ఆ గుడ్డను ముట్టుకోవడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

ఆవిడ పనిచేసేది బేకరీలో. అక్కడ తలకు వల, చేతులకు గ్లవుజులు లేనిదే లోపల అడుగు పెట్టనివ్వరు. కేకులో ఒక్క వెంట్రుక కనిపిస్తే ఆ కేకే కాదు, దానితో పాటు చేసినవన్నీ పారబోస్తారు. పగలంతా అలాంటి చోట ఉండి వచ్చిన మనిషికి ఇంట్లో ఇదీ వరస.

ఆయన టీ తాగడానికి వచ్చి కూర్చున్నాడు. యాభై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు, చూస్తే డెబ్భై అంటారు. మొన్న బస్సులో ఒకాయన లేచి "కూర్చోండి తాతగారూ" అని సీటిచ్చాడు. ఇచ్చినాయనకు బట్టతల, చంకలో మనవడు. మేస్త్రి బుగ్గలు ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చాయి. ముక్కు పక్కన ఎర్రగా పొలుసులు లేచాయి. చెవుల్లోంచి పొడుచుకొచ్చిన వెంట్రుకల కొసలకు తెల్ల రంగు అంటుకుని ఉంది. ఆయన గడ్డం గోక్కున్నాడు. పొట్టు రాలి, కొంచెం బల్ల మీద, కొంచెం ఆయన టీలో పడింది. ఆయన గమనించకుండా చప్పరించాడు.

ఎదురుగా కూర్చున్న కూతురు తన ప్లేటు అవతలికి నెట్టేసింది. ఆ పిల్లను ఆయన పుట్టినప్పటి నుంచీ పిచ్చుక అనే పిలుస్తాడు. పిచ్చుక ఇప్పుడు కళ్ళద్దాల షాపులో పనిచేస్తోంది. అక్కడే పరిచయమైన అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానని ఈమధ్యే ఇంట్లో చెప్పింది. అబ్బాయి, వాళ్ళమ్మ ఆదివారం వస్తున్నారు. ఆమె స్కూల్లో టీచరు.

"నాన్నా, ఆదివారం నీకు పనేమన్నా ఉందా?" అంది పిచ్చుక.

"ఆదివారం పనేంటే? వాళ్ళొస్తున్నారుగా."

"అంటే... ఉంటే వెళ్ళు, పర్లేదు. మేం చూసుకుంటాంలే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కూతురి ముఖం చూశాడు, పెళ్ళాం ముఖం చూశాడు. ఆవిడ బల్ల మీద పొట్టును తడిగుడ్డతో తుడుస్తోంది.

"నన్ను ఉండొద్దంటోందా ఇది?"

"అది అనలేకపోతోంది, నేనంటున్నా," అంది ఆవిడ. "మీ తలగడ దులిపితే చాటెడు పొట్టు వస్తుంది. బేసిన్ చూస్తే వాంతొస్తుంది. నేను అమ్మాయి గదిలో ఎందుకు పడుకుంటున్నాననుకున్నారు, మీ గురక్కా? గురక నాకు జోలపాట. ఆ వాసన, ఆ రాలడం, దాని పక్కన పడుకోలేకపోతున్నా. పచ్చిగా చెప్పాలంటే అసహ్యంగా ఉంది. ఆ టీచరమ్మ మన ఇంట్లో మంచినీళ్ళన్నా తాగుతుందా?"

"మగాడి ముఖానికి ఈ వయసులో సోకులేంటే?"

"సోకులెవరడిగారు? మనిషిలా ఉండమంటున్నా."

ఆయన లేచాడు. బకెట్టు, బ్రష్షుల సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. పొట్టు తేలుతున్న టీ అలాగే ఉండిపోయింది. దాన్ని పారబోస్తూ ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ రోజు ఆయన పనిచేస్తున్న కొత్త ఇంట్లో బాత్‌రూమ్‌కు గోడంత అద్దం బిగించారు. ఇంట్లో ఉన్నది అరచేతంత అద్దం, అందులో ఒకసారికి ఒక బుగ్గే కనిపిస్తుంది. ఇక్కడ మొత్తం మనిషి కనిపించాడు. మెడ మీద ముడతల్లో పాత రంగులు, చొక్కా కాలరు మీద తెల్ల పొట్టు. ఎవరో ముసలాడు తనను అడక్కుండా లోపలికొచ్చినట్టు అనిపించి ఆయనకే ఒళ్ళు జలదరించింది. పిచ్చుక తప్పేం లేదు అనుకున్నాడు. అయితే బాగుచేద్దాం. పెచ్చులూడిన గోడలు తను ఎన్ని బాగుచెయ్యలేదు?

ఆయనకు తెలిసిన పద్ధతి ఒకటే. ముందు గీకాలి, తర్వాత నున్నగా రుద్దాలి, తర్వాత రంగు. ఆ సంగతి ఎవర్నీ అడగాలని ఆయనకు తట్టలేదు. రంగుల పనిలో ఆయన ఎవర్నైనా అడిగి చాలా కాలమైంది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ బేకరీ నుంచి వచ్చేసరికి బాత్‌రూమ్ తలుపు వేసి ఉంది. లోపలి నుంచి థిన్నర్ వాసన, దానితో పాటు ఇంకేదో మందు ఘాటు.

"ఏవండీ, తలుపు తియ్యండి."

"రాకు. రేపటికి బాగైపోద్దిలే."

"ఏం బాగైపోద్ది? ముందు తియ్యండి."

తలుపు తెరుచుకుంది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ముఖం ఉబ్బిపోయి ఉంది. కనురెప్పలు బొబ్బల్లా లేచి కళ్ళను మూసేశాయి. బుగ్గల మీద చర్మం చెక్కుకుపోయి, పచ్చటి రసి కారి, గడ్డం కింద జిగటగా గడ్డకడుతోంది. జుట్టుకు, మీసానికి వేసిన నల్ల రంగు చెవుల మీదకు, నుదుటి మీదకు కారి ఆ రసిలో కలిసింది. బేసిన్‌లో నల్ల నీళ్ళు, వాటిలో ఎర్రటి చారలు. అంచు మీద అరిగిపోయిన వాటర్ పేపర్ ముక్క ఉంది. తలుపులకు చివర్లో నునుపు తేవడానికి రుద్దే గరుకు కాగితం అది. దాని నిండా చర్మం పొట్టు.

వెనకాలే వచ్చిన పిచ్చుక అది చూసి గోడ పట్టుకుని వంగి వాంతి చేసుకుంది.

"దీంతో రుద్దుకున్నారా? ముఖాన్ని?" అంది ఆవిడ.

"మెత్తదే. ఆఖరి కోటింగుకు వాడేది. ముందు ఆ పెచ్చులు పోవాలి కదా. గీకకుండా రంగేస్తే ఎక్కడ నిలబడుద్ది?"

"అది గోడా? ఆ రుద్దిన ముఖానికి థిన్నర్ రాసి, దాని మీద జుట్టు రంగా? మతుందా మీకు?"

"ఇన్నాళ్ళూ గోడకున్న విలువ కూడా దీనికి లేదనేగా మీరంటున్నది," అన్నాడు ఆయన. ఉబ్బిన పెదాలతో మాట సరిగ్గా రాలేదు. "రేపు పిచ్చుక పక్కన కూర్చోవాలనిపించింది. అంతే."

పిచ్చుక నోరు తుడుచుకుని ఆటో పిలవడానికి పరిగెత్తింది.

చర్మం డాక్టరు ఒక పెద్దావిడ. చూసి కంగారు పడలేదు, తిట్టనూ లేదు. ఊపిరి ఆడుతోందా, గొంతు బిగిసిందా అని అడిగి ఒక ఇంజెక్షను చేయించింది. జుట్టు రంగు పడలేదు, ఇక జన్మలో వెయ్యొద్దు అంది. అయినా ఇంత ఎండిపోవడం ఒక్కరోజులో వచ్చేది కాదంటూ ఆయన మెడ ఇటూ అటూ తిప్పి చూసింది.

"రోజూ ముఖం దేంతో కడుగుతారు?"

"థిన్నర్‌తో తుడుస్తానండి. తర్వాత సబ్బు. పొద్దున ఆ సబ్బే రాసి గడ్డం గీసుకుంటా."

"థిన్నర్? ఎప్పటి నుంచి?"

"మా పిచ్చుక పుట్టినప్పటి నుంచండి," అన్నాడు ఆయన, అదేదో చెప్పుకోదగ్గ సంగతైనట్టు. "అంతకుముందు ఉత్త సబ్బే. పాపను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు పని నుంచి పరిగెత్తుకొచ్చానండి, ఒళ్ళంతా ఎనామిల్ రంగు. ఎత్తుకుని ముద్దు పెట్టుకోబోతే ఈవిడ ఆపింది. ఛీ, ఆ ముఖంతో పాపను ముట్టుకోకండి అంది. కరెక్టే కదండీ, పసిగుడ్డు. సబ్బుతో ఎనామిల్ పోదు, థిన్నర్ అయితే చుక్క మిగలదు. ఆ రోజు నుంచి ఒక్కనాడు కూడా తుడుచుకోకుండా ఆ పిల్లను ముట్టుకోలేదు. మంటగానే ఉంటది. అలవాటైపోయింది."

పక్కనే ఉన్న భార్య బల్ల అవతలి గోడను చూస్తూ ఉండిపోయింది. ఎంత తలచుకున్నా ఆ మాట అన్నట్టు గుర్తు రావడం లేదు. నిద్ర లేదు, పాలు పడలేదు, పాప ఏడుపు, ఎదురుగా ఒళ్ళంతా రంగులు కారుతున్న మనిషి. విసుగులో అని ఉంటుంది. అని మరిచిపోయింది. ఆయన మరవలేదు. కోపంగా దాచుకోనూ లేదు, మంచి మాట విన్నట్టు విని, రోజూ చేశాడు. తను దగ్గరికి రానివ్వని ఆ ముఖం, తను దగ్గరికి రానివ్వకపోవడం వల్లే అలా అయింది.

"ఈవిణ్ణి ఏమీ అనకండి డాక్టరమ్మా," అన్నాడు ఆయన.

డాక్టరు ఆవిణ్ణి ఏమీ అనలేదు. పుండ్లు మానేదాకా రేజరు ముట్టొద్దంది. రంగు పోవాలంటే కొంచెం నూనె రాసి మెత్తగా తుడిచి, ఘాటు లేని సబ్బుతో కడుక్కోవాలి. ఒళ్ళు తడిగా ఉండగానే క్రీము. మానాక గోరువెచ్చటి నీళ్ళతో గడ్డం నానబెట్టి, కొత్త బ్లేడుతో, వెంట్రుక ఎటు వాలితే అటే గీసుకోవాలి, ఎదురు గీయకూడదు. పనిలో ముఖానికి గుడ్డ కట్టుకోవాలి. "సోకు కాదండీ ఇది," అంది చివర్లో. "చర్మం కూడా మీతో పాటే ముసలిదవుతుంది. దాన్ని కొట్టకండి."

ఇంటికి రాగానే ఆవిడ బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. మేకు మీది గుడ్డను చేత్తోనే తీసింది. అది అట్టలా బిగుసుకుని, ఆయన బుగ్గల గరుకంతా దానికే ఉన్నట్టుంది. చెత్త సంచిలో వేసి మూతి కట్టాక చేతులు వాసన చూసుకుంది. కడుపులో తిప్పింది. ఈసారి ఆ తిప్పడం దేని గురించో ఆవిడకు తెలుసు. ఆ మేకుకు పాత మెత్తటి తువ్వాలు ఒకటి తగిలించింది.

"కూర్చోండి," అని ఆయన ముఖం మీద రసిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూదితో తుడిచింది. జిగటగా వేళ్ళకు అంటుకుంది. ఆయన తల వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వెందుకు, పిల్లనన్నా పిలువు. నీకసలే పడదు."

"కదలకండి. కదిలితే కంట్లోకి పోద్ది."

ఆదివారం వాళ్ళొచ్చే వేళకు వాపు సగం తగ్గింది. మాసిన తెల్లగడ్డం, అక్కడక్కడా నల్ల మరకలు, పైన పూసిన మందుతో ముఖమంతా జిడ్డుగా మెరుస్తోంది. ఆయన మంచి చొక్కా వేసుకుని లోపలి గదిలో మంచం మీద కూర్చున్నాడు. "వాళ్ళు వెళ్ళాక చెప్పండి," అన్నాడు.

పిచ్చుక వచ్చి చెయ్యి పట్టి లేపింది. "నువ్వు రాకపోతే వాళ్ళకు టీ కూడా ఇవ్వను. నాన్న లేకుండా ఈ పెళ్ళి మాటలేంటి?"

టీచరమ్మ ఆయన్ని చూసి నమస్కారం అంది. వెంటనే చూపు పక్కకు తిప్పుకుంది. ముక్కు పక్కన ఓ ముడత పడింది, పెదాలు బిగుసుకున్నాయి, బల్ల మీద గ్లాసును కొంచెం తనవైపు జరుపుకుంది. తెలియకుండా జరిగిందే, పాపం. కానీ అది చూసి పిచ్చుక తల్లికి అద్దంలో తన ముఖమే చూసుకున్నట్టైంది. ఇన్నేళ్ళూ ఆయన రోజూ ఎదురుగా చూసింది ఈ ముఖాన్నే కదా.

ఆవిడ తన కుర్చీ ఎత్తి తెచ్చి ఆయన పక్కన ఆనించి వేసుకుంది. ఆయన కాలరు మీద రాలిన పొట్టును వేళ్ళతో తీసింది. "రంగుల పనండీ," అంది టీచరమ్మతో. "పిల్లకు రంగు అంటుకోకూడదని ఇన్నేళ్ళూ థిన్నర్‌తో ముఖం తుడుచుకున్నారు. చర్మం పాడైంది. మందు వాడుతున్నాం, తగ్గిపోతుంది."

టీచరమ్మ ఈసారి ఆయన ముఖాన్ని నేరుగా చూసింది. తర్వాత గ్లాసు అందుకుని టీ తాగింది. "మా ఇంట్లో సున్నం వేసి చాలా కాలమైందండీ," అంది ఆయన వైపు తిరిగి. "ముఖం తగ్గాక ఓసారి వచ్చి చూస్తారా? వియ్యంకుడి హోదాలోనే."

ఆయన నవ్వబోయాడు, బుగ్గ పగిలి నొప్పెట్టింది.

వాళ్ళను పంపించి వచ్చి పిచ్చుక ఆయన ముందు నిలబడింది. వంగి ఆయన బుగ్గకు తన బుగ్గ ఆనించబోయింది. ఆయన చటుక్కున వెనక్కి జరిగి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు పిచ్చుకా. ముఖం శుభ్రంగా లేదు, అంటుకుంటుంది."

"అంటుకోనీ నాన్నా."

అడ్డం పెట్టిన ఆయన చేతిని పక్కనుంచి ఆవిడ మెల్లగా కిందికి దించింది. కూతురు లేచేసరికి ఆ పిల్ల బుగ్గంతా జిడ్డు మందు, అందులో రెండు తెల్ల పొలుసులు. ఆయన కంగారుగా తువ్వాలు కోసం వెతికాడు. పిచ్చుక తుడుచుకోలేదు.