తాళం ఎవరి చేతిలో ఉంది?

ప్లేట్లో వాచే అన్నం ఇంకా సగం కూడా తినలేదు, ఆవుకు అనే ఆ రేవు ఉద్యోగి బల్ల మీదికి ఒరిగిపోయాడు. అక్రా పక్కనున్న తేమా రేవు గేటు ముందు ఫలహారం చేస్తున్న లారీ డ్రైవర్లు మొదట నవ్వారు, పొద్దున్నే ఎక్కించాడేమోనని. అతని నోటి చివర నురగ చూశాక ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. రేవు డేటాబేస్‌ను కంటికి రెప్పలా కాచుకున్న మనిషి అలా పోయాడు.

కబురు అందిన వెంటనే జిఫా తన పై అధికారి కర్నల్ టెట్టే కారెక్కింది. ఆమె గూఢచారి శాఖ మనిషి. ఇవాళ్టికి మాత్రం ఏసీ మెకానిక్: నూనె మరకల నీలం చొక్కా, చేతిలో గ్యాస్ సిలిండర్.

"నిన్న ఆవుకు నాకు ఫోన్ చేశాడు," అన్నాడు కర్నల్. "సర్వర్ దానంతటది ఆగట్లేదు, ఎవరో ఆపుతున్నారన్నాడు."

"ఆపితే వాళ్లకేం లాభం సార్?"

"రేవులో ఒక కంటైనర్ నిండా రాకెట్లున్నాయి. భుజాన పెట్టుకుని విమానాన్ని కూల్చే రకం. సాయంత్రం అక్రాలో ముగ్గురు అధ్యక్షులు దిగుతున్నారు. ఏ పెట్టెలో ఉన్నాయో తెలీక, అనుమానమున్నవన్నీ సిస్టమ్‌లో ఎర్ర గుర్తు పెట్టి ఆపించా. సిస్టమ్ పడుకుంటే ఏది ఎర్రదో గేటువాడికేం తెలుస్తుంది? అన్నీ వదిలేస్తాడు."

"లోపల మనవాళ్లెవరు?"

"ఒదీల్. ఆ రాకెట్ల ముఠాలో మనం పెట్టిన మనిషి. సర్వర్ బాగుచేసే నిపుణురాలిగా సరిహద్దు అవతల లోమే నుంచి వచ్చింది. 'కెంకే ముద్ద వేడిగా ఉందా?' అని గుర్తు మాట అడుగు."

సర్వర్ గది పొయ్యిలా ఉంది. బయట లారీల హారన్లు ఆగడం లేదు. రేవు కంప్యూటర్ల అధికారి ఓటూ వాకీటాకీ పట్టుకుని గోడకూ గోడకూ మధ్య తిరుగుతున్నాడు. ఆకుపచ్చ పట్టు గౌనులో, ఒంటికి చెమట చుక్కైనా లేకుండా, ఒదీల్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

"కెంకే ముద్ద వేడిగా ఉందా అక్కా?"

"షిటో కారం అయిపోయింది చెల్లీ," అని ఒదీల్ కన్ను గీటింది. మాట సరిపోయింది. జిఫాకు మాత్రం మనసు కుదుటపడలేదు.

"సర్వర్ లాగ్‌లో ఒక్క తప్పూ లేదు మేడమ్," అన్నాడు ఓటూ. "మరెందుకు కదలదు?"

"డిస్కు ముసలిదైపోయింది. నా టూల్ అదే చెబుతోంది. ఇంకా చూస్తూ కూర్చుంటారా? గేట్లు తెరిపించండి. ఆ డ్రైవర్లు మిమ్మల్ని నంజుకు తినేస్తారు."

జిఫా ఏసీ వంకతో సర్వర్ల వెనక్కి దూరింది. అగ్గిపెట్టెంత పరికరాన్ని నెట్‌వర్క్ తీగకు తగిలించింది. సర్వర్ నోరు విప్పనప్పుడు దాని గడప దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్ల మాటలు వినాలి. ఆ పరికరం చేసే పని అదే; కావాలంటే ఆ మాటల్ని మధ్యలో తెంపగలదు కూడా. విన్నదంతా ఆమె ఫోన్‌లోకి వచ్చి పడుతోంది.

గేటు కంప్యూటర్లన్నీ ఎర్ర గుర్తులున్న ఒకే పట్టిక కోసం వరసలో నిలబడ్డాయి. అందరికంటే ముందు ఎవరో లోపలికి వెళ్లి దానికి తాళం వేశారు. పని ముగించరు, తాళం వదలరు. డిస్కు నిక్షేపంలా ఉంది.

ఆ కనెక్షన్ వచ్చే తీగ ఏది? పచ్చది. జిఫా దాన్ని వేలితో తడుముతూ కదిలింది. సర్వర్ల మీదుగా, గోడ వెంట, బల్ల కిందికి. చివర ఒదీల్ ల్యాప్‌టాప్. రోగం కనిపెట్టడానికి తెచ్చిన పనిముట్టే రోగం!

"ఏసీ అక్కడ లేదు చెల్లీ."

ఒదీల్ చేతిసంచీలోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. "టెట్టే నన్ను నమ్మాడు. ఆవుకు నమ్మలేదు, పోయాడు. ఓటూ గారూ, చెప్పండి గేటుకి."

ఓటూ వాకీటాకీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "గేటూ... లారీల్ని... వది—"

జిఫా సిలిండర్ మూత తిప్పేసింది. గ్యాస్ బుస్సున తెల్లటి పొగై ఒదీల్ ముఖాన్ని కొట్టింది. పిస్తోలు పేలి పైకప్పు పెచ్చు రాలింది. కళ్లు మూసుకుని దగ్గుతున్న ఒదీల్ చేతిని మోకాలితో నేలకి అదిమి, జిఫా ఒక చేత్తో ఫోన్ అందుకుంది. ఆ కనెక్షన్ మీద వేలు పెట్టింది. 'తెంపు' అన్న గుర్తు నొక్కింది.

ఒక క్షణం ఏమీ జరగలేదు.

వాకీటాకీ గరగరలాడింది. "సార్, స్క్రీన్ వచ్చింది! గేట్లో ఉన్న లారీకి ఎర్ర గుర్తు! ముందు చక్రాలు దాటేశాయి సార్!"

"ఆపరా నాయనా, ఆపు!" ఓటూ అరుపుకు వాకీటాకీ చేజారింది.

కర్నల్ మనుషులు ఆ లారీలో చేపల పెట్టెలు తొలగించారు. కింద రాకెట్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఒదీల్‌ను బేడీలతో కారెక్కించారు. కర్నల్ ఆమె వైపు ఒక్కసారి చూసి, టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆవుకు భార్యకు చెప్పాల్సింది ఆయనే.

జిఫా గేటు దగ్గరికి వచ్చేసరికి లారీలు కదులుతున్నాయి. ఒక డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి గద్దించాడు.

"ఏమ్మా, పొద్దున్నుంచీ ఎండలో మాడి చచ్చాం. లోపల అందరూ నిద్రపోయారా?"

"కాస్త కునుకు పట్టిందన్నా," అంది జిఫా. "ఏమనుకోకు."